మా అబ్బాయి ‘బ్యాచ్’లో తిరుగుతున్నాడు. అటక మీద ఎవరిదో బ్యాగు ఉంది. ఏం చెయ్యాలి?

కుట్టుమిషన్_దాసన్నపేట
మాది విజయనగరం, దాసన్నపేట. మా ఆయన చెన్నైలో సెంట్రింగ్ పనికి వెళ్తారు, పండగలకీ పబ్బాలకీ వస్తారు. నేను ఇంట్లో బట్టలు కుడతాను. అబ్బాయికి పదహారు దాటాయి, ఇంటర్ సెకండియర్. టెన్త్ దాకా బాగానే చదివాడు. ఈ వేసవి నుంచి వాడి వరసే మారిపోయింది. రాత్రి పదకొండు దాకా ఇంటికి రాడు. అడిగితే ఫ్రెండ్స్ అంటాడు. ఆ ఫ్రెండ్స్‌లో ఒక్కడూ వాడి క్లాసువాడు కాదు. ఒకడికి ఇరవై ఆరేళ్ళుంటాయి, అందరూ వాణ్ణి ‘అన్న’ అంటారు. ఆ అన్న పుట్టినరోజుకి నడిరోడ్డు మీద బళ్ళు అడ్డం పెట్టి, పెద్ద కత్తితో కేకు కోశారు. ఆ వీడియోలో మావాడు వెనకాల నిలబడి ఈల వేస్తున్నాడు. కొత్త బూట్లు ఎక్కడివిరా అంటే అన్న కొనిపెట్టాడన్నాడు.

నిన్న దీపం సామాన్లు తియ్యడానికి అటకెక్కితే పాత దుప్పట్ల వెనకాల ఒక కాలేజీ బ్యాగు కనిపించింది. మాది కాదు. జిప్పుకి చిన్న తాళం వేసుంది. అడిగితే “ఫ్రెండుది, రెండ్రోజులు ఉంచమన్నాడు, ముట్టుకోకు” అని నా మీదకి లేచాడు. వాడు నా మీద గొంతెత్తడం ఇదే మొదలు. వాళ్ళ నాన్నకి చెబితే రైలెక్కి వచ్చి చంపేసేలా ఉన్నారు. ఏం చెయ్యాలో తోచక ఇక్కడ అడుగుతున్నాను.

గంటస్తంభం_గుంటడు
అక్కా, ఆ బ్యాగు రాత్రికి రాత్రి పెద్ద చెరువులో పారేయండి. పీడా వదులుతుంది.

బొబ్బిలి_ప్లీడర్
పైన చెప్పిన పని మాత్రం చెయ్యకండి అమ్మా. తాళం పగలగొట్టకండి, బ్యాగు చేత్తో పట్టుకుని బయటికి వెళ్ళకండి, అబ్బాయి చేత తిరిగి పంపించకండి. అందులో గంజాయి ఉంటే, దాన్ని మోస్తూ ఎవరు దొరికితే వాళ్ళ దగ్గర దొరికినట్టే రాస్తారు. తెలిసి కూడా ఇంట్లో ఉంచనిచ్చారంటే మత్తుమందుల చట్టం (1985) సెక్షన్ 25 కింద ఇంటివాళ్ళ మీదా కేసు అవుతుంది. మీకు నిన్నటిదాకా తెలీదు, ఇవాళ అనుమానం వచ్చింది. ఆ తేడా మీకు మేలు చేస్తుంది, ఆలస్యం చెయ్యనంత వరకే. ఊళ్ళో తెలిసిన ప్లీడర్ని ఇంటికి పిలిపించండి. ఆయన్ని పక్కన పెట్టుకుని పోలీసుల్ని మీ ఇంటికే రమ్మనండి. గంజాయి మీద సమాచారం ఇవ్వడానికి రాష్ట్రంలో ఈగల్ (మత్తుమందుల్ని అరికట్టే పోలీసు విభాగం) వాళ్ళ నంబరు 1972 ఉంది, చెప్పినవాళ్ళ పేరు బయటపెట్టరు.

నాగావళి_ఒడ్డు
చెరువులో పారేస్తే ఇంకో ప్రమాదం కూడా ఉంది. సరుకు ఖరీదు మొత్తం కుర్రాడి నెత్తిన పడుతుంది. “పోగొట్టావు కదా, తీర్చు” అని ఇంకో నాలుగు సార్లు తిప్పుతారు. కొందరైతే వాళ్ళ సరుకు వాళ్ళే ఎత్తుకుపోయి, పోయిందని కుర్రాణ్ణి నిలదీస్తారు. పిల్లల్ని కట్టేసేది స్నేహం కాదు, ఈ బాకీయే. శ్రీకాకుళంలో మా ఇంట్లోనే చూశాం. వీలు చూసుకుని రాస్తాను.

మాజీ_హవల్దార్
ఇన్ని మాటలెందుకు? పదహారేళ్ళ గుంటడు తల్లి మీద గొంతెత్తాడు. తండ్రిని రప్పించి, తలుపేసి, బెల్టు తీస్తే సాయంత్రానికి దారికొస్తాడు. మా నాన్న మాకు అలాగే చేశారు, ఇరవై నాలుగేళ్ళు దేశానికి సేవ చేశాను.

చీపురుపల్లి_చిన్నోడు
హవల్దార్ గారూ, మీ కాలంలో దెబ్బలు తింటే అమ్మమ్మ ఇంటికి పోయేవాళ్ళు. ఇప్పుడు అన్న దగ్గరికి పోతున్నారు. ఆ అన్న బిరియానీ తినిపించి, “మీ నాన్నకి నీ విలువ తెలీదురా” అంటాడు. నాకు ఇరవై, నా వయసు వాళ్ళలో ఇది కళ్ళారా చూశాను. కొట్టిన రాత్రే ఆ కుర్రాడు పూర్తిగా వాళ్ళవాడైపోయాడు.

మాజీ_హవల్దార్
అయితే ఒళ్ళో కూర్చోబెట్టుకోమంటావా బావూ? కొట్టొద్దంటే మానేయండి. తెలిసిన జైలరు ఉంటే ఓసారి లోపలికి తీసుకెళ్ళి చూపించండి. భయం ఉండాలి.

చాక్‌పీస్_మాస్టారు
జైలు చూపించి భయపెట్టడం అమెరికాలో పెద్దయెత్తున చేసి చూశారు. న్యూజెర్సీలో రాహ్వే జైలు అని ఒకటుంది. 1970ల్లో దారి తప్పిన కుర్రాళ్ళని అక్కడికి తీసుకెళ్ళి, యావజ్జీవ ఖైదీల చేత గట్టిగా అరిపించి, బెదిరించి పంపేవారు. మిగతా రాష్ట్రాలూ అదే పట్టుకున్నాయి. తర్వాత పరిశోధకులు లెక్కలు తీస్తే, వెళ్ళొచ్చిన పిల్లలు వెళ్ళనివాళ్ళకంటే ఎక్కువ నేరాలు చేశారని తేలింది. ఆ వయసులో భయం నిలవదు. పక్కన నలుగురు తోటివాళ్ళు చూస్తుంటే అసలే నిలవదు. ముందూ వెనకా ఆలోచించి తనని తాను ఆపుకునే మెదడు భాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై దాటాలి. తోటివాళ్ళ మెప్పు కోసం ఉరికే గుణం మాత్రం పద్నాలుగుకే వచ్చేస్తుంది. కాబట్టి ఒంటరిగా ఉన్నప్పుడు బుద్ధిగా మాట్లాడిన కుర్రాడే బ్యాచ్‌లో ఇంకొకడిలా ఉంటాడు. అమ్మకి రెండూ నిజంగా కనిపిస్తాయి, అందుకే నమ్మాలో వద్దో తెలీదు.

ఇంకో సంగతి. నేను జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఇది ఇంటర్‌లో మొదలవదు, ఎనిమిది తొమ్మిది తరగతుల్లోనే మొదలవుతుంది. ముందు టిఫిన్ తెప్పిస్తారు, సిగరెట్టు తెప్పిస్తారు, తర్వాత “ఈ కవరు ఆ బడ్డీలో ఇచ్చిరా” అంటారు. ఎవణ్ణి ఎంచుకుంటారో తెలుసా? అల్లరివాణ్ణి కాదు. క్లాసులో ఎవరూ పలకరించనివాణ్ణి. మార్కులు తగ్గి ముందు బెంచీ నుంచి వెనక్కి జరిగినవాణ్ణి. మా దగ్గర గైర్హాజరు అయితే తండ్రి ఫోనుకి మెసేజ్ పోతుంది. ఒకసారి ఒక విద్యార్థి తండ్రికి ఫోన్ చేస్తే ఎత్తినవాడు “చెప్పండి సార్, నేను వాళ్ళ నాన్ననే” అన్నాడు. గొంతు చూస్తే పాతికేళ్ళు కూడా ఉండవు. అడ్మిషన్ ఫారంలో కుర్రాడు రాసింది అన్న నంబరు. అప్పట్నుంచి నేను ప్రతి పిల్లాడి ఫారం తీసి, రాత్రి పూట తల్లికో తండ్రికో స్వయంగా ఫోన్ చేస్తాను. అమ్మా, రేపు కాలేజీకి వెళ్ళి మీ నంబరని ఏ నంబరు రాసుందో చూడండి.

కుట్టుమిషన్_దాసన్నపేట
మాస్టారూ, ఇంతవరకు నాకు ఒక్క మెసేజూ రాలేదు. రోజూ కాలేజీకి వెళ్తున్నాడనే అనుకున్నాను.

పైడితల్లి_భక్తురాలు
తల్లీ, ధైర్యంగా ఉండు. మా వీధిలోనూ ఇదే. సిరిమాను పండగ జనంలో రెండు బ్యాచ్‌లు కొట్టుకుంటే మధ్యలో ఒక ముసలాయన తల పగిలింది. కొట్టింది ఎవరో ఇప్పటికీ తేలలేదు, కేసు మాత్రం పదిమంది పిల్లల మీద పడింది.

నాగావళి_ఒడ్డు
రాస్తానన్నాను కదా. మా తమ్ముడి సంగతి.

వాడికి ఆర్మీ పిచ్చి. మా సిక్కోలు పిల్లలకి అది మామూలే కదా, ఊరికి పదిమంది మిలట్రీలో ఉంటారు. తెల్లారకుండానే కోడి రామ్మూర్తి స్టేడియానికి వెళ్ళి పరిగెత్తేవాడు. కోచింగ్ ఫీజు కట్టలేక మధ్యలో ఆగిపోయాడు. అప్పుడు ఒకడు వచ్చి ఫీజు కట్టాడు. ఏమీ అడగలేదు. చాలా కాలం ఏమీ అడగలేదు, అదే అసలు కిటుకు. టీ తాగించేవాడు, అమ్మకి ఒంట్లో బాలేనప్పుడు ఆసుపత్రికి బండి పంపాడు. మా నాన్న కూడా మంచి కుర్రాడన్నారు.

ఒక సాయంత్రం “బండి తియ్యరా, అలా వెళ్ళొద్దాం” అన్నాడు. ఆ వెళ్ళింది ఇంకో బ్యాచ్‌తో తేల్చుకోవడానికి, నాగావళి ఒడ్డుకి. తమ్ముడు పైన రోడ్డు మీద బండి ఆపకుండా స్టార్టింగులోనే ఉంచి నిలబడ్డాడు. కింద ఏం జరిగిందో చూడనుకూడా లేదు. ఒక కుర్రాడికి కడుపులో కత్తి దిగింది. ప్రాణం దక్కింది, అంతే. ఇప్పటికీ ఒక పక్కకి ఒంగి నడుస్తాడు, బజార్లో ఎదురవుతుంటాడు.

ఎఫ్ఐఆర్‌లో తమ్ముడు ఏ7, అంటే ఏడో నిందితుడు. హత్యాయత్నం. అప్పటికి వాడికి పద్దెనిమిది నిండి రెండు నెలలు. ఆ రెండు నెలల వల్ల జువైనల్ బోర్డుకి కాకుండా పెద్దవాళ్ళ కోర్టుకి వెళ్ళాడు. ఆర్మీ పరుగులో పాసయ్యాడు, వెరిఫికేషన్‌లో కేసు బయటపడింది. ప్లీడర్లకని నాన్న యాభై సెంట్ల పొలం అమ్మేశారు. అన్నకి వేరే ప్లీడరు ఉన్నాడు, పెద్దవాడు. వాయిదాకి వచ్చినప్పుడు అన్న మా తమ్ముడి మొహం వైపు చూడలేదు. కోర్టు వరండాలో ఒకే బెంచీ మీద కూర్చున్నా పలకరించలేదు. ఆ రోజు తమ్ముడు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ఏడ్చాడు, కేసు పెట్టిన రోజు కూడా అంత ఏడవలేదు.

గంటస్తంభం_గుంటడు
చదువుతుంటే గుండె బరువెక్కింది అన్నా. కానీ నిలబడినవాడికి కూడా హత్యాయత్నం ఏంటి? అన్యాయం కాదా?

బొబ్బిలి_ప్లీడర్
చట్టం అలాగే ఉంది బాబూ. అయిదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది ఒకే ఉద్దేశంతో నేరానికి పోగయితే, ఆ ఉద్దేశం నెరవేర్చడానికి ఒకడు చేసిన పని అందరూ చేసినట్టే. పాత ఐపీసీలో అది 149. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 190. అయిదుగురి కంటే తక్కువ ఉన్నా 3(5) ఉంది, పాతది 34. “నేను కొట్టలేదు, బండి దగ్గరే ఉన్నాను” అనే మాట మా ఆఫీసులో వారానికోసారి వింటాం. అది విచారణలో చెప్పుకోవడానికి పనికొస్తుంది, అరెస్టు ఆపడానికి పనికిరాదు. వాట్సాప్ గ్రూపులో “వస్తున్నా” అని పెట్టిన ఒక్క మెసేజ్ చాలు ఉద్దేశం ఉందని వాదించడానికి. కత్తి పట్టుకుని రీల్ చేస్తే ఆయుధాల చట్టం వేరే.

ఇప్పుడు గంజాయి లెక్క. కిలో లోపు అయితే ఏడాది దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. కిలో దాటి ఇరవై కిలోల లోపు అయితే పదేళ్ళ దాకా. ఇరవై కిలోలు దాటితే కమర్షియల్, అంటే వ్యాపార స్థాయి సరుకు, కనీసం పదేళ్ళు, ఇరవై దాకా వెయ్యొచ్చు, బెయిలు దొరకడం చాలా కష్టం.

“పద్దెనిమిది నిండలేదు కదరా, నీకేం కాదు” అని ప్రతి అన్నా చెబుతాడు. అది సగం అబద్ధం. జువైనల్ జస్టిస్ చట్టం (2015) ప్రకారం పిల్లల్ని లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వెయ్యకూడదు, 24 గంటల్లో బోర్డు ముందుకి తేవాలి, స్పెషల్ హోంలో మూడేళ్ళకి మించి ఉంచకూడదు. ఇంతవరకు నిజం. కానీ పదహారు దాటినవాడు కనీస శిక్ష ఏడేళ్ళు, ఆపైన ఉన్న నేరంలో ఇరుక్కుంటే, వాడికి తెలివి తెలిసే చేశాడా అని బోర్డు పరిశీలించి, పెద్దవాడిలా విచారించమని పంపొచ్చు. హత్య, ఇరవై కిలోలు దాటిన గంజాయి ఆ లెక్కలోకే వస్తాయి. ఇంకొకటి ఎవరూ చెప్పరు. పిల్లలకి బెయిలు సులువే, కానీ బయటికెళ్తే పాత నేరగాళ్ళతోనే కలుస్తాడని బోర్డుకి అనిపిస్తే సెక్షన్ 12 ప్రకారం ఇవ్వక్కర్లేదు. అంటే బ్యాచ్‌ని వదలనివాడికి ఆ బ్యాచే బెయిలుకి అడ్డు.

చీపురుపల్లి_చిన్నోడు
మరి పిల్లలతో మోయించిన అన్నకి ఏం లేదా సార్?

బొబ్బిలి_ప్లీడర్
ఉంది. అదే చట్టం సెక్షన్ 78. పిల్లల చేత మత్తుపదార్థాలు అమ్మించినా, మోయించినా, చేరవేయించినా ఏడేళ్ళ దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. పిల్లలకి తాగించినా, మత్తు ఇచ్చినా సెక్షన్ 77 కింద దాదాపు అంతే. కాకపోతే పిల్లాడు నోరు విప్పితేనే ఆ సెక్షన్ పడుతుంది. విప్పడు, ఎందుకంటే ఇంట్లోవాళ్ళు అప్పటికే వాణ్ణి దొంగలా చూస్తుంటారు.

నైట్‌డ్యూటీ_నర్సు
బ్యాగు గోలలో ఒక విషయం మర్చిపోతున్నారు. అబ్బాయి తాగుతున్నాడా లేదా? సరుకు మోసినవాడికి కూలి సగం డబ్బు, సగం పొట్లం. కళ్ళెర్రగా ఉండటం, వేళకాని వేళ విపరీతమైన ఆకలి, గదిలో అగరొత్తులు ఎక్కువగా వెలిగించడం, మాటిమాటికీ కళ్ళలో చుక్కల మందు వేసుకోవడం చూసుకోండి. మా వార్డుకి పదిహేడేళ్ళ కుర్రాణ్ణి తీసుకొచ్చారు. గోడల్లోంచి తనని ఎవరో తిడుతున్నారని రెండు చెవుల్లో దూది కుక్కుకుని కూర్చున్నాడు. వాళ్ళమ్మ గాలి సోకిందని తాయెత్తులు కట్టించి, చివరికి తెచ్చింది. లేత వయసులో గంజాయి మొదలెట్టినవాళ్ళకి ఇలా మనసు చెదిరే ప్రమాదం ఎక్కువ.

మానిన మొదటి వారం చిరాకు, నిద్రపట్టకపోవడం, అన్నం సయించకపోవడం ఉంటాయి. ఆ వారంలో కసిరితే మళ్ళీ పోతాడు. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. పిచ్చాసుపత్రి అని జనం అనే మాటకి సిగ్గుపడి మానకండి. ఇంట్లోంచి మాట్లాడాలంటే మానసిక సమస్యలకి సలహా ఇచ్చే టెలీమానస్ 14416, మత్తు మానడానికి 14446. డబ్బు తీసుకోరు.

చెన్నై_నుంచి_సిక్కోలు
అమ్మా, మీ ఆయనలాగే నేనూ చెన్నైలో సైటు పనే. మాది టెక్కలి దగ్గర. ఇక్కడ షెడ్లో మావాళ్ళం చాలామందిమి ఉన్నాం. మీరు భర్తకి చెప్పండి. చంపేస్తాడన్న భయంతో దాచకండి. దాచిపెట్టిన ప్రతిదీ చివరికి పోలీసు ఫోనులో తెలుస్తుంది మాకు, పక్కవాడికి అలాగే తెలిసింది. స్లాబు మీద నుంచి దిగి అక్కడే ఇసకలో కూలబడిపోయాడు. మేము నెలకి పదిహేను వేలు పంపి తండ్రులం అనుకుంటున్నాం. ఇంట్లో మగదిక్కు లేని కుర్రాడి దగ్గరికి అన్న సులువుగా వస్తాడు. నేను ఇప్పుడు రాత్రి తొమ్మిదికి వీడియో కాల్ చేస్తాను, అబ్బాయి ఇంట్లో ఉంటేనే ఎత్తగలడు. తిట్టను. ఆ రోజు ఏం తిన్నాడో అడుగుతాను.

మాజీ_హవల్దార్
ఈ మాట బాగుంది.

కుట్టుమిషన్_దాసన్నపేట
నాలుగు రోజులుగా రాయలేకపోయాను. మా అన్నయ్యనీ, ఆయనకి తెలిసిన ప్లీడరు గారినీ పిలిచాను. మా ఆయనకీ చెప్పాను, ఆ రాత్రే బయల్దేరారు. పోలీసులు మామూలు బట్టల్లోనే వచ్చారు. తాళం తీస్తే రెండు ప్యాకెట్లు, బ్రౌన్ టేపు గట్టిగా చుట్టినవి. తూకం వేస్తే కిలో దాటింది. అంతసేపు బిగుసుకుని నిలబడిన మావాడు ఆ టేపు చూసి నా కొంగు పట్టుకున్నాడు. వాడికి లోపల ఏముందో తెలుసు, ఎంత ఉందో తెలీదు. ఒక్క రాత్రి ఉంచితే అయిదొందలు ఇస్తారట. అంతకుముందు కూడా ఉంచాడట. మర్నాడు బోర్డు ముందుకి తీసుకెళ్ళారు, మా పూచీ మీద ఇంటికి పంపారు. ఎవరిచ్చారో వాడు పేర్లతో సహా చెప్పాడు. ఆ అన్న అనేవాడు ఊళ్ళో లేడు, వెతుకుతున్నారు. వాళ్ళ నాన్న కొట్టలేదు. పక్కన పడుకుంటున్నారు.

రింగ్‌రోడ్_రాజు
కన్నకొడుకుని పోలీసులకి పట్టించడం ఏం తల్లితనం? నేనైతే పెద్దమనుషుల్ని పెట్టి ఆ అన్నతోనే మాట్లాడి సెటిల్ చేసుకునేవాణ్ణి.

నాగావళి_ఒడ్డు
రాజు గారూ, మా నాన్న సరిగ్గా అదే చేశారు. మొదటి గొడవ అయినప్పుడు పెద్దమనుషులు కూర్చున్నారు, అన్న చేతులు జోడించి “మీ వాడు నా తమ్ముడు” అన్నాడు. టీలు తాగి లేచారు. కత్తి గొడవ ఆ తర్వాతే జరిగింది. సెటిల్‌మెంట్ అంటే మా పిల్లాడి మీద నీకు హక్కుందని నలుగురి ముందు ఒప్పుకోవడం. ఈవిడ చేసింది నూటికి నూరు పాళ్ళు సరైన పని.

పైడితల్లి_భక్తురాలు
ఆ తల్లి ఎంత నలిగిపోయి చేసిందో ఆలోచించకుండా ఏటి ఆ మాటలు?

రింగ్‌రోడ్_రాజు
నా ఉద్దేశం నొప్పించాలని కాదు. పోలీసు రికార్డులోకి ఎక్కితే పిల్లాడి ఉద్యోగం సంగతేంటి అని.

బొబ్బిలి_ప్లీడర్
పెద్దవాడిలా విచారణకి పంపితే తప్ప, బాలుడిగా బోర్డులో తేలిన కేసు ఉద్యోగానికి అనర్హత కాదు, జువైనల్ జస్టిస్ చట్టం సెక్షన్ 24. గడువు తీరాక ఆ రికార్డు కూడా తీసెయ్యాలి. ఇంట్లో దాచి, పద్దెనిమిది దాటాక అదే బ్యాగుతో దొరికితే మాత్రం ఏ సెక్షనూ కాపాడదు. అమ్మా, రెండు జాగ్రత్తలు. అబ్బాయి సిమ్ మార్చండి, కానీ పాత ఫోనులో చాట్లు, ఇన్‌స్టా మెసేజ్‌లు చెరపకండి, మీ ప్లీడరుకి చూపించండి. ఎవరైనా ఇంటికొచ్చి “ఏం చెప్పావురా” అని అడిగితే గుమ్మంలో మాట్లాడి పంపెయ్యకుండా, ఆ రోజే స్టేషన్లో రాతపూర్వకంగా ఇవ్వండి. ప్రతి స్టేషన్లోనూ పిల్లల కోసం ఒక అధికారి ఉంటారు, బాలల సంక్షేమ పోలీసు అధికారి అని. ఆయన ఎవరో కనుక్కుని ఆయనకే ఇవ్వండి. స్కూటీ తాళాలు కూడా మీ దగ్గర పెట్టుకోండి. మైనర్ నడుపుతూ నేరం జరిగితే బండి ఇచ్చిన పెద్దవాళ్ళకి మూడేళ్ళ దాకా జైలు, పాతిక వేలు జరిమానా, వాడికి పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు.

రింగ్‌రోడ్_రాజు
ఉద్యోగం సంగతి నాకు తెలీదు ప్లీడరు గారూ. అయితే హాస్టల్లో వేసెయ్యడం మంచిదేమో? విశాఖలోనో విజయవాడలోనో.

చాక్‌పీస్_మాస్టారు
తొందరపడొద్దు. హాస్టల్లోనూ బ్యాచ్‌లుంటాయి, అక్కడ కొత్తవాడు ఇంకా ఒంటరి. పంపితే తనని ఇంట్లోంచి తోసేశారనుకుంటాడు. బెదిరింపులు ఎక్కువైతే కొన్నాళ్ళు మేనమామ ఇంట్లో ఉంచడం వేరు, అది చెయ్యొచ్చు. కానీ బోర్డు వాయిదాలు తప్పకూడదు.

మాజీ_హవల్దార్
అమ్మా, నేను రోజూ పొద్దున్న అయిదింటికి విజ్జీ స్టేడియంలో ఆర్మీకి వెళ్ళాలనుకునే కుర్రాళ్ళని పరిగెత్తిస్తాను. పైసా తీసుకోను. మీ అబ్బాయిని పంపండి. మొదటి వారం వాళ్ళ నాన్నతో రమ్మనండి. వాడి సంగతి నేను ఎవరికీ చెప్పను. కోడి రామ్మూర్తి నాయుడు వ్యాయామశాల పెట్టిన ఊరు మనది. కుర్రాళ్ళకి ఒక గుంపు కావాలి, అది నిజమే. మంచి గుంపు మనం ఇవ్వకపోతే వేరేవాడు ఇస్తాడు.

చీపురుపల్లి_చిన్నోడు
హవల్దార్ గారు బెల్టు వదిలి విజిల్ పట్టుకున్నారు. నేనూ వస్తాను సార్, కానీ అయిదింటికి లేపడానికి ఎవరైనా కావాలి.

మాజీ_హవల్దార్
నంబరు ఇవ్వు, నేనే లేపుతాను.

చాక్‌పీస్_మాస్టారు
పొద్దుటి పరుగు మంచిదే. కానీ అన్నలు పొద్దున్న అయిదింటికి తిరగరు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా కుర్రాడు ఎక్కడుంటాడన్నది చూసుకోవాలి. ట్యూషన్ అయ్యాక ఇల్లు చేరే లోపే ఎత్తుకుంటారు. ఆముదాలవలసలో ఒక వ్యాయామశాలలో ఇనుము ఎత్తిన ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ నుంచి ఒలింపిక్ కంచు పతకం తెచ్చింది. మన నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో ఇప్పటికీ పిల్లలు సాయంత్రం బరువులెత్తుతారు. అక్కడ పిల్లలందరూ చాంపియన్లు అవ్వక్కర్లేదు. సాయంత్రం వాడి పేరు పెట్టి పిలిచి, రాకపోతే ఎందుకు రాలేదని అడిగే పెద్దమనిషి ఒకడుంటాడు, అది చాలు. అమ్మా, వాడికి ఇష్టమైనది ఏదో అడగండి. వాలీబాల్ అయినా సరే, మెకానిక్ షెడ్డు అయినా సరే.

కుట్టుమిషన్_దాసన్నపేట
వాడికి డ్రమ్స్ ఇష్టం. టెన్త్‌లో ఫంక్షన్లకి వాయించేవాడు, చదువు పాడవుతుందని మేమే మాన్పించాం. సోమవారం నుంచి పొద్దున్న స్టేడియానికి పంపుతాను హవల్దార్ గారూ. మా ఆయన ఈ నెలంతా ఉంటానన్నారు.

ఇచ్ఛాపురం_ఎక్స్‌ప్రెస్
ఇదంతా చదివాక అడుగుతున్నాను, ఆలస్యమైతే క్షమించండి. మా అక్క కొడుక్కి పదిహేడు. ఎవరో ఒకాయన చెన్నై దాకా రైల్లో రెండు ట్రాలీ బ్యాగులు తీసుకెళ్తే రానుపోను టికెట్టు, పైన అయిదు వేలు ఇస్తానన్నాడట. బట్టల వ్యాపారం అన్నాడట. గుంటడు సంబరంగా ఉన్నాడు. అక్క కూడా నాలుగు డబ్బులొస్తాయని ఊరుకుంది.

బొబ్బిలి_ప్లీడర్
వాణ్ణి రైలెక్కనివ్వకండి. బట్టలకి అయిదు వేల కూలి ఎవడూ ఇవ్వడు, పార్సిలు వేస్తే వందల్లో పోతుంది. ఒడిశా సరిహద్దు నుంచి సరుకు మీ స్టేషన్ మీదుగానే దక్షిణానికి పోతుంది, అందుకే అక్కడ తనిఖీలు ఎక్కువ. రెండు ట్రాలీ బ్యాగులంటే ఇరవై కిలోలు దాటొచ్చు. పదిహేడేళ్ళవాడు కాబట్టి పెద్దవాడిలా విచారించే ప్రమాదం ఉంది. బ్యాగులు ఇచ్చినవాడు అదే రైల్లో వేరే బోగీలో కూర్చుని చూస్తుంటాడు, పట్టుబడితే తర్వాతి స్టేషన్లో దిగిపోతాడు. బ్యాగులు ఇప్పటికే ఇంటికి చేరాయా?

ఇచ్ఛాపురం_ఎక్స్‌ప్రెస్
లేదు, రేపు ప్లాట్‌ఫారం మీద ఇస్తానన్నాడట.

బొబ్బిలి_ప్లీడర్
అయితే మంచిదే. అబ్బాయిని రేపు స్టేషన్ దరిదాపులకి వెళ్ళనివ్వకండి. వాడి ఫోనులో ఆ మనిషి నంబరు, మెసేజ్‌లు ఫొటో తీసి పెట్టుకోండి. ఏ రైలో, ఎన్ని గంటలకో 1972కి ఇప్పుడే చెప్పండి.

ఇచ్ఛాపురం_ఎక్స్‌ప్రెస్
అక్కకి ఫోన్ చేసి చెప్పాను. మొదట నమ్మలేదు, ఈ పేజీ మొత్తం చదివి వినిపించాను. అబ్బాయి నా దగ్గరే పడుకున్నాడు, ఫోను నా దగ్గరుంది. 1972కి రైలు పేరు, వాడి నంబరు ఇచ్చాను.